ఇంటి గుట్టు, పిల్ల గుట్టు: ఓరుగల్లు సీమ వైద్యంలో కౌమారుల గోప్యత

వైద్యుడు రోగి గుట్టు కాపాడాలన్న నియమం తెలుగు నేలకు కొత్తది కాదు; ఆ గుట్టు ఎవరి సొత్తు అన్న ప్రశ్నే కొత్తది. చరకసంహిత విమానస్థానంలో, వైద్యం నేర్వబోయే శిష్యునికి గురువు చేసే ఉపదేశంలోనే, రోగి ఇంటి సంగతులు బయట పెట్టరాదన్న ఆజ్ఞ ఉంది. అయితే ఆ ఆజ్ఞ కాపాడదలచింది ఇంటి పరువును. ఆ ఇంట్లోని పదిహేనేళ్ల పిల్లకు కన్నవారితో కూడా చెప్పుకోలేని బాధ ఒకటి ఉండవచ్చునన్న ఊహ అందులో కనిపించదు.

ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి మందడం గ్రామాన్ని విశ్వేశ్వర శివాచార్యులకు దానం చేసిన సంగతిని చెప్పే 1261 నాటి మల్కాపురం శాసనం, ఆ రాబడిలో కొంత భాగాన్ని ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు కేటాయించినట్టు పేర్కొంటుంది. కాన్పుకు వేరుగా ఒక చోటు ఉండాలని తలచిన ఆ ఏర్పాటు గొప్పది. కానీ బాల్యానికీ కాన్పుకూ నడుమ కౌమారమనే ఒక దశ, అంటే నేటి వైద్యశాస్త్రం 10 నుంచి 19 ఏళ్లుగా లెక్కించే కాలం, విడిగా గుర్తింపు పొందడానికి ఇంకా శతాబ్దాలు పట్టింది. బాల్యవివాహం ఆచారంగా ఉన్నంతకాలం ఆడపిల్లకు ఆ నడిమి కాలమే దక్కలేదు.

అంతేకాక, తెలుగు ఇళ్లలో ఆ వయసులో వచ్చే ముఖ్యమైన శరీర మార్పు దాచుకునే విషయంగా కాక చాటి చెప్పే విషయంగా ఉండేది. పిల్ల పెద్దమనిషి అయిందంటే ఒక మూలన వేరుగా చాప వేసి కూర్చోబెట్టి, నువ్వులు బెల్లం కలిపి దంచిన ముద్దలు తినిపించి, పేరంటాళ్లను పిలిచి పాటలు పాడించి, చివరకు తలంటి కొత్త బట్టలు కట్టబెట్టే సమర్త వేడుకలో మంచి తిండి, విశ్రాంతి, పెద్దల ఆప్యాయత ఉన్నాయన్నది నిజమే. కాని తన ఒంటి సంగతి వీధికంతా తెలియడం ఆ పిల్లకు ఇష్టమో కాదో అడిగినవారు అరుదు. మంత్రసాని సైతం మాట్లాడేది తల్లితోనో అత్తతోనో గాని పిల్లతో కాదు.

వరంగల్‌లో 1959లో వైద్య కళాశాల వెలసి, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి దానికి బోధనాసుపత్రి అయిన తరువాత వైద్యం తీరు మారినా, ఈ అలవాటు అంత త్వరగా మారలేదు. మన సర్కారు దవాఖానాల్లో ఓపీ చీటీ మీద పేరు, వయసు పక్కనే తండ్రి పేరో భర్త పేరో అడగడం, గదిలో అడుగుపెట్టగానే వెంట ఎవరొచ్చారని ప్రశ్నించడం, వరుసలో నిలబడ్డవారంతా వినేలా పేరు పిలవడం అతి మామూలు విషయాలు. పదహారేళ్ల పిల్ల నోరు విప్పకుండా వెనుదిరగడానికి ఆ ఒక్క కేక చాలు.

చట్టం కూడా ఈ వయసు విషయంలో తడబడింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి పన్నెండేళ్ల లోపు పిల్లల సమ్మతి చెల్లదని చెప్పగా, 1875 నాటి చట్టం పద్దెనిమిదేళ్లకు గాని మేజరు కారని నిర్ణయించింది. నడుమనున్న ఆరేళ్లలో వైద్యుడు ఎవరి మాట వినాలో ఆ రెండు చట్టాలూ సూటిగా చెప్పలేదు. ఇంగ్లండులో 1985 నాటి గిలిక్ తీర్పు, వైద్య విషయాన్ని అర్థం చేసుకోగల వివేకం ఉంటే పదహారేళ్ల లోపువారు తామే సమ్మతి తెలుపవచ్చునని ఒప్పుకుంది. భారతదేశం ఆ దారి పట్టలేదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారికి సంరక్షకుల రాతపూర్వక సమ్మతిని తప్పనిసరి చేసింది. 2002 నాటి వైద్య మండలి నియమావళిలో రోగి రహస్యాలు వెల్లడించరాదన్న నియమం వయసు ఊసే ఎత్తలేదు.

2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కౌమారుల క్లినిక్కులకు తెర కట్టిన గది, విడిగా మాట్లాడే సలహాదారు ఉండాలని చెప్పడం నిజమైన ముందడుగు. అయితే అప్పటికే, 2012 నాటి పోక్సో చట్టం, పద్దెనిమిదేళ్ల లోపువారితో లైంగిక సంబంధం ఇష్టపూర్వకమైనదైనా నేరమేనని నిర్ణయించి, తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పాలనీ, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడవచ్చుననీ విధించింది. పిల్లలను కాపాడవలసిన ఆ చట్టమే వారిని దవాఖానా గడప తొక్కనీయని భయంగా కూడా మారింది. ఆ భయం వారిని అర్హత లేని వైద్యుల పాలు చేయగలదని గుర్తించిన సుప్రీంకోర్టు, 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో, మైనరు, సంరక్షకులు కోరితే, గర్భవిచ్ఛిత్తి చేసే వైద్యుడు పోలీసులకు సమాచారమిచ్చినా ఆమె పేరు, వివరాలు చెప్పనక్కరలేదని తేల్చింది.

ఆ తీర్పు పిల్ల గుట్టును ఠాణాకు చేరకుండా ఆపగలిగింది. ఇంటి నుంచి దాచుకునే వీలు మాత్రం ఇవ్వలేదు. 2021లో సవరించిన తరువాత కూడా గర్భవిచ్ఛిత్తి చట్టంలో సంరక్షకుల సంతకం అలాగే నిలిచి ఉంది.