మంచు కింద నిప్పు

కమలాపూర్ నుంచి ఫోన్ చేసేవాళ్లంతా ఐస్‌లాండ్ చలి గురించే అడుగుతారు. నాకేమో 1783 గురించి చెప్పాలనుంటుంది.

ఆ ఏడు జూన్ 8న ఇక్కడ, ఐస్‌లాండ్‌లోని లాకి దగ్గర నేల చీలింది. చీలిక పొడవు దాదాపు 27 కిలోమీటర్లు. లావా ఎనిమిది నెలలు పారింది, కానీ జనాన్ని చంపింది లావా కాదు, దాని విషవాయువులు. గడ్డి మీద ఫ్లోరిన్ పడింది. అది మేసిన గొర్రెల పళ్లు పాడై, ఎముకల మీద బుడిపెలు లేచాయి. ఆ రోజుల్లో మందలు పోతే ఇక్కడ తిండి లేనట్టే. దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఆకలికీ, రోగాలకీ బలయ్యారు. యోన్ స్టేన్‌గ్రిమ్సన్ అనే ఊరి పాస్టర్ కళ్లారా చూసిందంతా రాసిపెట్టాడు. శాస్త్రవేత్తలు నేటికీ ఆ రాతలు తిరగేస్తారు.

రేక్యవిక్‌లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయపు భూవిజ్ఞాన సంస్థ చేసే పనికి ఆ పాస్టరే ఆద్యుడని నేను నమ్ముతాను. అక్కడి హెల్గి బ్యోర్న్‌సన్, ఆయన సహచరులు వాత్నయోకుల్ హిమానీనదం మీద రేడియో పరికరాన్ని లాక్కుంటూ తిరిగారు. తరంగం మంచులోంచి దిగి, అడుగున రాయిని తాకి వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూస్తే మంచు మందం తెలుస్తుంది. అలా మంచు కింది కొండలూ లోయలూ పటంలోకి ఎక్కాయి.

1996 సెప్టెంబరు చివర ఆ మంచు కిందే అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీరు పైకి రాకుండా గ్రిమ్స్‌వోత్న్ సరస్సులోకి చేరింది. పరిశోధకులు సరస్సు మట్టం కొలుస్తూ ఐదు వారాలు కాపు కాశారు. నవంబరు 5న వరద విరుచుకుపడి వంతెనల్ని ఊడ్చేసింది. ఒక్క ప్రాణం పోలేదు, ముందే దారి మూసేశారు. మెలితిరిగిన ఇనుప దూలాలు ఇప్పటికీ రోడ్డు పక్కనే ఉన్నాయి. గోదావరి పొంగితే ఊళ్లు ఖాళీ చేసే సిరోంచవాళ్లకు ఆ ఐదు వారాల విలువ నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా పరాయి కథ అనుకోకండి. చంద్రపూర్ దగ్గర ఇరైలో సున్నపురాయి మీద హిమానీనదం గీసిన గీతలు బయటపడ్డాయి. అవి సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి. యవత్మాల్ వైపు నల్లరాయి దక్కన్ లావాయే, 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. మంచూ నిప్పూ రెండూ మన ప్రాణహిత పరీవాహకంలో నడిచి వెళ్లినవే. మన బడుల్లో ఈ మాట నాకెవరూ చెప్పలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కమలాపూర్, సిరోంచ బడుల సార్లకు, మేడమ్‌లకు నా మనవి ఒకటే. పిల్లల్ని వడధం శిలాజాల పార్కుకు తీసుకెళ్లండి. అక్కడ నిలబడి ఇరై రాయి సంగతి కూడా చెప్పండి.