న్యాయసభలో వినీతవేషము



నేఁటి ప్రసంగమునకు విషయము వస్త్రము. వివాహమునకుఁ గట్టు వస్త్రము గాదు, పండుగనాఁడు కట్టు వస్త్రము గాదు; తోడి మనుష్యుని దోషమును నిర్ణయించుటకుఁ గూర్చుండునప్పుడు మనుష్యుఁడు కట్టుకొనవలసిన వస్త్రము. ఇది యల్పవిషయమని తోఁపవచ్చును. కాని మనుధర్మశాస్త్రమున నష్టమాధ్యాయము వ్యవహారదర్శనమును జెప్పఁబూని, రెండవ శ్లోకమునందే రాజు వేషమును గూర్చి చెప్పుచున్నది. కార్యార్థుల కార్యములను విచారించు రాజు, కూర్చుండియైనను నిలుచుండియైనను, కుడిచేయి యెత్తి, వినీతమైన వేషమును వినీతమైన యాభరణములును గలవాఁడై యుండవలెనఁట. సాక్షులమాట, ఋణములమాట, దండనములమాట తరువాత వచ్చును. మొదట తీర్పరి తన యాడంబరమును ఇంట విడిచి రావలెను.

ఇచ్చట గమనింపవలసిన దొకటి గలదు. ఈ నియమము తీర్పు పొందువానికిఁ గాదు, తీర్పు చెప్పువానికి. కారణ మూహించుట కష్టము గాదు. గట్టుతగవుతో సభకు వచ్చిన కాఁపు, ఎదుట మణులు మెఱయుచున్న సింహాసనమును జూచెనేని, వానికి నోట మాట రాదు. మాట రానివానికి న్యాయ మెట్లు జరుగును? దివ్యపరీక్షకు నిలుచువాని నియమము వేఱు. త్రాసు, అగ్ని, జలము, విషము, కోశము అని యాజ్ఞవల్క్యుఁడు చెప్పిన యైదింటిలో దేనికైనను, ఉపవసించి, కట్టుబట్టలతో స్నానము చేసి, సూర్యోదయవేళ రావలెను. తడిబట్టతో నిలిచిన మనుష్యునియందుఁ గలిమిలేము లంతగాఁ గనఁబడవు గదా.

వేష మెంతటి మోసము చేయునో తెలిసికొనఁగోరువారు శూద్రకుని మృచ్ఛకటికమున నవమాంకమును జూడవలెను. అక్కడ న్యాయాధికారితోఁ గూడ శ్రేష్ఠియుఁ గాయస్థుఁడును సభలోఁ గూర్చుందురు. రాజు బావమఱఁదియైన శకారుఁడు స్నానము చేసి, ఉజ్జ్వలవేషముతో వచ్చి, తాను చేసిన నేరమును చారుదత్తునిపై మోపును. చారుదత్తుఁడు కలిమి పోయిన బ్రాహ్మణుఁడు. ఆతని ముఖమును జూచిన న్యాయాధికారి, ఇట్టి యాకృతి గలవాఁడు నిష్కారణముగా దోషము చేయఁడని తలంచును. అట్లు తలంచినవాఁడే, విదూషకుని చంకనుండి నగలు జాఱిపడఁగానే మనసు మార్చుకొనును. ఆ సభలో నందఱును కన్నులతోఁ జూచినవారే. సత్యమును జూచినవాఁ డొక్కఁడును లేఁడు.

రాజునకు మాఱుగా సామాన్యజనులలోనుండి కొందఱిని బిలిచి, ప్రమాణము చేయించి, వారిచేత దోషనిర్ణయము చేయించు పద్ధతికే జూరీ యని పేరు. ఆ శబ్దమునకు మూలము లాటినుభాషలోఁ బ్రమాణము చేయుట యను ధాతువు. ఐరోపాఖండమునందును దివ్యపరీక్షలు పూర్వ ముండెడివి. 1215వ సంవత్సరమున రోమునగరమందు జరిగిన క్రైస్తవ మహాసభ, అగ్నిజలపరీక్షలను మంత్రపూతము చేయరాదని పురోహితులను నిషేధించెను. పురోహితుఁడు తొలఁగిపోఁగా నింగ్లండు న్యాయస్థానములు ప్రమాణబద్ధులైన పొరుగువారిని ఆశ్రయించినవి. అంతవఱకు నిప్పు చెప్పిన తీర్పును, అటుపిమ్మట పండ్రెండుగురు సామాన్యులు చెప్పసాగిరి. వారికి రాజునకువలెఁ గిరీటము లేదు, న్యాయాధిపతికివలె నంగీ లేదు. ఇంటినుండి యే బట్టతో వచ్చిరో ఆ బట్టతోనే కూర్చుండిరి. జూరీవారు తామే వస్త్రము నేర్చుకొనవలసిన చిక్కు అప్పుడే పుట్టినది.

ఈ పద్ధతి మన దేశమునకు వచ్చినదియు మన ప్రాంతపు సముద్రతీరమునకే. 1665లోఁ జెన్నపట్టణము సెంట్ జార్జి కోటలో, దాసీబాలికను జంపెనన్న నేరముపై నొక యాంగ్లస్త్రీని జూరీయెదుట విచారించి, నిర్దోషి యని విడిచిపెట్టిరి. అటుపిమ్మట నూఱేండ్లకుఁ బైగా జూరీపీఠము తెల్లవారిదిగానే యుండెను. 1826వ సంవత్సరపు శాసనము భారతీయులను జూరీలోనికి రానిచ్చెను గాని, క్రైస్తవుని విచారించు జూరీలో హిందువుగాని ముసల్మానుగాని కూర్చుండరాదని కట్టడి చేసెను. క్రైస్తవుఁడు మాత్ర మందఱికిఁ దీర్పు చెప్పవచ్చును! రాజా రామమోహనరాయలు దీని నెదిరించెను. 1832లో నింకొక శాసనము వచ్చి ఆ భేదమును దొలఁగించెను.

భేదము కాగితముమీఁదఁ బోయినను గుమ్మముకడఁ బోలేదు. పెద్దలయెదుటికిఁ బోవునప్పుడు తల కప్పుకొని, పాదరక్షలు వెలుపల విడుచుట మన మర్యాద. తలపైనున్నది తీసి, కాలిజోళ్లతో నిలుచుట వారి మర్యాద. తలకును గాలికిని మధ్య నింత విపరీతమున్న రెండు జాతు లొకే కచ్చేరీలోఁ గలిసినప్పుడు, ఎవరి మర్యాద మర్యాద? 1862లో సూరతు న్యాయస్థానమునకు అసెసరుగా వచ్చిన యొక పారసీకుని పాదరక్షలు విడువుమనఁగా పెద్ద వివాదము పుట్టెను. ఇతరుని నేరమునుగూర్చి తన యభిప్రాయము చెప్పుటకు సర్కారే పిలిచిన మనుష్యుఁ డతఁడు. చెప్పవలసిన యభిప్రాయముకంటె ముందుగా నాతని కాలిజోళ్లు విచారణకు వచ్చినవి.

తలపాగకథ మీరందఱు వినియుందురు. 1893లో గాంధిగారు దర్బానునగరమందుఁ గోర్టులోఁ గూర్చుండఁగా, మేజిస్ట్రేటు కొంతసే పాయనను జూచి, తలపాగ తీయుమనెను. ఆయన తీయక, వెలుపలికి వచ్చివేసెను. ముసల్మానువేషము ధరించినవారు పాగ నుంచుకొనవచ్చుననియు, తక్కిన భారతీయులు తీయవలయుననియు నక్కడి వాడుక. ఆ తక్కినవారిలో మన తెలుఁగు కూలీలును గలరు. 1860 మొదలు చెన్నరాజధానినుండి యోడలమీఁద నటాలు చెఱకుతోఁటలకుఁ బోయినవారు వారు. పాగ తీయుటకంటె నాంగ్లపు టోపీ పెట్టుకొనుట మేలు గదా యని గాంధిగారు యోచింపఁగా, ఆయనను రప్పించిన అబ్దుల్లా సేఠు, టోపీ పెట్టినచో హోటలులో వడ్డించువానివలె నుందువని చెప్పెనఁట. మఱుసటి సంవత్సరము, వకీలుగాఁ బ్రమాణము చేసిననాఁడు, ప్రధానన్యాయాధిపతి యాజ్ఞకు లోఁబడి ఆయనయే పాగ తీసివేసెను. పెద్ద పోరాటములకు బలము దాఁచుకొనవలెనని యాయన సమాధానము. ఆ సమాధానముతో నాయన మిత్రు లందఱును దృప్తిపడలేదు. ఇద్దఱిలో నెవరు సరియో నేను జెప్పఁజాలను గాని, పాగ యూరక తలకుఁ జుట్టిన గుడ్డ కాదని యిరుపక్షములవారును గ్రహించియే యుండిరి.

1861 నాఁటి క్రిమినలు ప్రొసీజరు శాసనముతో జిల్లాలలోను జూరీని నిలుపుటకు వీలు కలిగెను. అది లేనిచోట్ల సెషన్సు జడ్జిప్రక్క అసెసర్లు కూర్చుండెడివారు. వారి యభిప్రాయమునకు జడ్జి కట్టుబడ నక్కఱలేదు. మీ తాతలలోఁ గొందఱు ఆ పిలుపందుకొన్నవారే యగుదురు. మా తాతగారు అసెసరుగాఁ బోయిననాఁడు, జరీకండువాను పెట్టెలోనే యుంచి, ఉదికిన తెల్లపంచె, వట్టి యుత్తరీయము వేసికొని బండి యెక్కిరని మా నాయనమ్మ చెప్పెడిది. ఆయన మనుస్మృతి చదివినవారు గారు. ఉరిశిక్ష పడునో పడదో యనుచు నిలిచినవానియెదుట జరీ మెఱపింపరాదని యాయనకు స్మృతి యెవరు చెప్పవలెను?

అసెసర్లు 1955లోఁ బోయిరి. 1958లో లా కమిషను జూరీనిగూడ నెత్తివేయుట మేలని వ్రాసెను. ఆ మఱుసటి యేఁడే బొంబాయిలో నౌకాసేనాధికారి నానావతి వ్యవహారము నడిచినది. తన భార్యకుఁ బ్రియుఁడైనవానిని దుపాకితోఁ గాల్చెనని యభియోగము. ముద్దాయి పతకములతోఁ గూడిన తెల్లని నౌకాదళవేషముతో నిలిచెను. తొమ్మండ్రు జూరర్లలో నెనమండ్రు నిర్దోషి యనిరి. జడ్జి యా మాటను స్వీకరింపక హైకోర్టునకుఁ బంపెను. హైకోర్టు దోషియని యావజ్జీవశిక్ష విధించెను. 1961లో సుప్రీముకోర్టు దానిని స్థిరపఱచెను. జూరర్ల మనస్సులలో నేమి జరిగినదో యెవరును జెప్పలేరు. ఐనను శకారుని యుజ్జ్వలవేషమును దలంచుకొన్నవారికి ఆ తెల్లని దుస్తులు తలఁపునకు రాకపోవు. 1973వ సంవత్సరపు క్రొత్త శాసనములో జూరీకిఁ జోటు లేకపోయెను.

మన దేశమునఁ బోయినను, అమెరికాలో జూరీ యింకను బలముగా నున్నది. అచ్చటను వస్త్రముతోడి తగవు పాతదే. 1870లో వయోమింగు సీమలోని లారమీపట్టణమందు స్త్రీలు మొదటిసారి జూరీలోఁ గూర్చుండిరి. వారిని వెక్కిరించు బొమ్మలు గీయుటకుఁ బత్రికలవారు చిత్రకారులను బంపఁగా, ఆ స్త్రీలు దట్టమైన మేలిముసుఁగులు వేసికొని వచ్చిరి. తీర్పు చెప్పవచ్చినవారు తామే ముఖము దాఁచుకొనవలసి వచ్చెను!

ఈనాఁడు అచ్చటి పౌరులైన తెలుఁగువారికిని జూరీసమను వచ్చుచున్నది. టెక్సాసులో నుద్యోగము చేయు మా అక్కగారి మనుమనికిఁ బోయిన సంవత్సర మట్లే వచ్చెను. వాఁడు నాకు సెల్లుఫోనులో నాలుగు బొమ్మలు పంపి, "తాతయ్యా, వీనిలో నేది తగినదో మీరే చెప్పండి" అని యడిగెను. నాలుగింటను వాఁడే యుండెను. ఒకదానిలో జరీయంచుల షేర్వాణీ, ఒకదానిలో నల్లని కోటు, ఒకదానిలో నాటగాండ్ర జట్టుపేరు వ్రాసిన బనీను, ఒకదానిలో నీలపుఁ జొక్కా. ఇన్ని బట్ట లెప్పుడు కొంటివిరా యని యడుగఁగా, ఒక్కటియుఁ గొనలేదని నవ్వెను. తన ఛాయాచిత్ర మొకటి యిచ్చి, అంగడివారి బట్టను జూపినచో, ఆ బట్ట తాను దొడిగినట్లు బొమ్మ కట్టి యిచ్చు సాధనము లున్నవఁట. వర్చువల్ ట్రై ఆన్ అని దానికిఁ బేరు. గూగులు సంస్థ 2023లో నితరుల దేహములమీఁద స్త్రీల బట్టలు చూపుటతో నారంభించి, 2025లో ఎవరి చిత్రముమీఁద వారే చూచుకొను వీలు కల్పించినది.

అద్దము ఉన్నదానిని జూపును. ఈ సాధనము ఉండఁబోవుదాని నూహించి చూపును. బట్ట భుజముకడ నెట్లు ముడుఁతపడునో, నడుముకడ నెట్లు వ్రేలునో, వేనవేలు చిత్రములను జూచి నేర్చిన యంత్రము చేసిన యూహ యది. ఆ నాలుగింటిలో షేర్వాణీయే మావానికి మిక్కిలి శోభించెను. నా మొదటిచూపు దానిమీఁదనే పోయినది. కాని వాఁడు పోవుచున్నది మెచ్చుకోలునకు గాదు గదా. నల్లకోటు వకీలునుఁ దలపించును. బనీనుమీఁది వ్రాఁతను ముద్దాయి చదువును. చదివి, వీఁడు నా పక్షమా, ఎదిరిపక్షమా యని యోచించును. నీలపుఁ జొక్కా చాలునంటిని. సమనుతోఁ గూడ వచ్చిన సూచనలుగూడ నంచుమించుగా నట్లే యున్నవి: మోకాళ్లు కనఁబడు లాగులు, చేతులు లేని బట్టలు, టోపీలు కూడవని. మతధర్మమునుబట్టి తల కప్పుకొనువారిని మాత్రము సామాన్యముగా నాక్షేపింపరు.

సాధనము చూపనివి కొన్ని గలవు. బొమ్మలోని మనుష్యుఁడు నిలుచుండును. జూరరు ప్రొద్దుటినుండి సాయంకాలమువఱకుఁ గూర్చుండవలెను. కోర్టుగదులలోఁ జలి యెక్కువ. పలుచని చొక్కాపై నొక చలికోటు వలయును. గుమ్మముకడ లోహమును గనిపెట్టు ద్వారముగుండఁ బోవలెను. పెద్ద బిళ్లల నడికట్లు, బరువైన నగలు తీసి పెట్టెలో వేయవలసి వచ్చును. ఇవన్నియు వానికిఁ జెప్పితిని. వాఁడు నీలపుఁ జొక్కాతోఁ బోయెను. వకీళ్లు ప్రశ్నలడిగి యేర్చుకొనినవారిలో వాఁడు లేఁడు. మధ్యాహ్నమునకే యింటికి వచ్చెను. పిలువఁబడినవారిలో ననేకుల కట్లే జరుగునఁట.

జూరరు వేషమునుగూర్చి యింత చెప్పితిమి. ఆతని కెదుట కూర్చుండువాని మాట యొకటి మిగిలినది. జామీను దొరకక చెఱలోనున్న ముద్దాయిని ఖైదీదుస్తులతోనే జూరీయెదుటఁ గూర్చుండఁబెట్టుట యచ్చటఁ బలుచోట్ల వాడుకగా నుండెను. ఆ దుస్తులను జూచినవారికి, విచారణకు ముందే సగము తీర్పు తోఁచును. 1976లో అమెరికా సుప్రీముకోర్టు, గుర్తింపఁదగిన ఖైదీదుస్తులతో జూరీయెదుట నిలువుమని యెవరినిఁ గాని బలవంతపెట్టరాదని చెప్పెను. ఆ వ్యవహారము దెచ్చినవానికి మాత్రము ఫలము దక్కలేదు. విచారణనాఁడు కోర్టులో నాక్షేపణ చెప్పలేదు గనుక బలవంతము జరిగినట్లు గాదనిరి.

అప్పటినుండి ముద్దాయికిఁ బైబట్ట తెచ్చుట వకీలుపనులలో నొకటియైనది. చుట్టములున్నవారికిఁ జుట్టములు తెత్తురు. ఎవరును లేనివారికొఱకు, బీదలపక్షమున వాదించు సర్కారువకీళ్ల కార్యాలయములు కొన్ని, దానముగా వచ్చిన కోట్లు, చొక్కాలు, జోళ్లు గదిలోఁ గొలఁతలవారిగా వ్రేలఁదీసి యుంచును. విచారణదినమున వానిలోఁ దనకు సరిపడినదేదో తొడిగికొని, ముద్దాయి జూరీయెదుటికి వచ్చును.