తీగకు పట్టిన పాచి, మందు నింపిన సంచి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ‘గుండెకు మిషన్ పెట్టించినారు’ అంటే పేస్‌మేకర్ అనే లెక్క. తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో వెళ్ళి పెట్టించుకుని వస్తారు. కాలర్ బోన్ కింద చర్మం లోపల చిన్న పెట్టె, దాని నుంచి రక్తనాళం గుండా గుండెలోకి తీగ. ప్రాణం నిలిపే ఆ తీగే ఒక్కోసారి సూక్ష్మజీవులకు దారి అవుతుంది. ఆ దారిని కొంతైనా మూయడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది.

1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్‌కు ప్రపంచంలోనే తొలి పేస్‌మేకర్‌ను శరీరం లోపల అమర్చారు. ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ బూట్ పాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి దాన్ని పోతపోశాడు. మొదటి యంత్రం కొద్ది గంటలే పనిచేసింది. అయినా ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుంటూ లార్సన్ 86 ఏళ్ళు బతికాడు. మార్చిన ప్రతిసారీ చర్మం కోయాలి. కోసిన ప్రతిసారీ చర్మం మీదుండే స్టెఫైలోకాకస్ లాంటి క్రిములకు లోపలికి సందు దొరుకుతుంది. అవి తీగ వెంట పాకి గుండె లోపొరను, కవాటాలను పట్టుకుంటే ఎండోకార్డైటిస్ వస్తుంది.

వైద్యులను వేధించిన చిక్కు ఒకటుంది. మందు ఇస్తే జ్వరం తగ్గుతుంది, ఆపితే తిరగబెడుతుంది. కారణం 1982లో కంటికి కనిపించింది. కెనడా శాస్త్రవేత్త విలియం కాస్టర్టన్ కొండవాగుల్లో రాళ్ళకు పట్టే జారుడు పాచిని ఏళ్ళ తరబడి పరిశీలించినవాడు. ఒక రోగి గుండె నుంచి తీసిన పేస్‌మేకర్ తీగను ఆయన, సహచరులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారు. కోనేటి మెట్ల మీద పాచిలాగే తీగ మీద జిగురు పొర, దాని లోపల గుంపులు గుంపులుగా క్రిములు! ఆ పొరే బయోఫిల్మ్. మందు రక్తంలో తిరిగే క్రిములను చంపగలదు గానీ పొర చాటున దాగినవాటిని పూర్తిగా తుడిచిపెట్టలేదు. అందుకే పెట్టెను, తీగను మొత్తం తీసేసి, వారాల తరబడి ఇంజెక్షన్లు ఇవ్వడం అసలు వైద్యమైంది. ఏళ్ళు గడిచిన తీగ కండలో అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి దాన్ని ఊడదీయడం ప్రమాదంతో కూడిన పని.

అసలు పాచి పట్టకుండానే చూస్తే? ఆ ఆలోచన నుంచి పుట్టిందే మందు నింపిన వల సంచి. పెట్టెను అందులో ఉంచి అమరుస్తారు. కనీసం వారం పాటు మందు వదిలి, సుమారు తొమ్మిది వారాల్లో సంచి ఒంట్లోనే కరిగిపోతుంది. అందులోని రెండు మందులూ మనకు చుట్టాలే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ పరిశోధనాలయం నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అదే వంశంలో, అదే లెడర్లీలో తర్వాత పుట్టింది మినోసైక్లిన్, సంచిలోని మొదటి మందు. రెండోది రిఫాంపిసిన్, మూత్రాన్ని ఎర్రబరిచే క్షయ మందు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం తెరిచినప్పుడు క్షయకు మందే లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండితోనే రోగులను కాపాడుకున్నారు. క్షయను జయించడానికి వచ్చిన మందు ఇప్పుడు గుండె తీగకూ కాపలా కాస్తోంది.

ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువున్న 6,983 మందిపై ఈ సంచిని పరీక్షించిన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఏడాదిలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ సంచి లేనివారిలో వెయ్యికి 12 మందికి వస్తే, సంచి ఉన్నవారిలో ఏడుగురికి వచ్చింది. ముప్పు తగ్గిందే గానీ పోలేదు.

కాబట్టి మిగతా కాపలా మన చేతిలోనే ఉంది. మిషన్ ఉన్నచోట ఎర్రబడినా, వాచినా, చీము కారినా డాక్టరుకు చూపించకుండా ఆగకూడదు. జ్వరం విడవకపోతే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగకూడదు. ముందే మందు పడితే రక్తాన్ని కల్చర్ చేసినా క్రిమి దొరక్కపోవచ్చు. ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, జ్వరం సంగతి కన్నా ముందు పేస్‌మేకర్ అమర్చినప్పుడు ఇచ్చిన కార్డు బల్ల మీద పెట్టండి.