మదరాసు నర్సుల పట్టిక నుంచి తమిళ పేపరు దాకా: సర్కారు ఆసుపత్రి ఉద్యోగమూ మన ఇంటి ఆడపిల్లలూ

ప్లస్ టూ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "పిల్లని నర్సింగులో వేద్దామా?" చదువు పూర్తయ్యాక మరో ప్రశ్న: "సర్కారు ఆసుపత్రిలో పోస్టు ఎలా వస్తుంది?" మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండో దానికి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఒకప్పుడు ఎలా ఉండేదో అదే ఇప్పుడూ ఉందనుకుని చెప్పేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ దారి ఎక్కడ మొదలై, ఎక్కడెక్కడ మలుపు తిరిగి, ఇవాళ మన గుమ్మం ముందుకు ఎలా వచ్చిందో ఒకచోట రాసి పెడుతున్నాం. కాస్త పొడుగే. ఓపికగా చదవండి.

మొదలు మదరాసులోనే

మన దేశంలో నర్సింగు శిక్షణ చరిత్ర రాసేవాళ్లు మదరాసు పేరు చెప్పకుండా ముందుకు పోలేరు. మంత్రసానులకు శిక్షణ ఇచ్చే బడికి ఇక్కడ 1854లోనే అనుమతి వచ్చింది. 1871లో మదరాసు జనరల్ ఆసుపత్రిలో నర్సింగు బడి మొదలైంది. నలుగురు విద్యార్థినులు, ఆరు నెలల శిక్షణ. అంతే.

మొదటి రోజుల్లో ఈ పనికి వచ్చినవాళ్లు ఎక్కువగా యూరోపియన్, ఆంగ్లో ఇండియన్, దేశీయ క్రైస్తవ స్త్రీలు. పరాయి మగవాళ్లను తాకాలి, రాత్రి డ్యూటీ చెయ్యాలి, అన్ని కులాల వాళ్ల మలమూత్రాలు ఎత్తాలి అని మిగతా ఇళ్లలో వెనకాడారు. నర్సు అంటే పెళ్లి సంబంధం కుదరదన్న మాట మన అమ్మమ్మల కాలం దాకా ఉంది. ఆ మాటను లెక్కచేయకుండా వెళ్లిన ఆడవాళ్ల వల్లే ఇవాళ మన పిల్లలకు ఈ దారి ఉంది.

1926లో మదరాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. కౌన్సిల్ ఏర్పడింది, రిజిస్టరు తెరిచారు. చదివినంత మాత్రాన చాలదు, ఆ పట్టికలో పేరు ఉండాలి అన్న నియమం అప్పటిది. శ్రీకాకుళం నుంచి తిరునెల్వేలి దాకా, బళ్లారి నుంచి చెన్నపట్నం దాకా ఒకే పట్టిక. విశాఖలో చదివిన నర్సు మధురలో పని చేయడానికి రెండో కాగితం అక్కర్లేదు.

గీతలు పడ్డాక

ఆ ఒకే పట్టిక ముక్కలైన తీరే మన కథ. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడి బరంపురం అటు పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అదే రోజు బళ్లారి మైసూరులో కలిసింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సవరణతో తిరుత్తణి మదరాసుకు వచ్చింది. హోసూరు, కృష్ణగిరి, కోయంబత్తూరు, మధుర ప్రాంతాల మనవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. మనం ఎక్కడికీ కదల్లేదు, గీతలే కదిలాయి.

1926 చట్టం మాత్రం రెండు వైపులా బతికింది. ఆంధ్రప్రదేశ్ తన పేరు పెట్టుకుంది, తమిళనాడు తన పేరు పెట్టుకుంది. తల్లి ఒకటే, పట్టికలు రెండు. అందుకే ఇవాళ తిరుపతిలోనో బెంగళూరులోనో నర్సింగు చదివిన మన అమ్మాయి తమిళనాడు ప్రభుత్వ పోస్టుకు దరఖాస్తు చేయాలంటే, ముందు అక్కడి కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకుని తమిళనాడు కౌన్సిల్‌లో రిజిస్టరు కావాలి. నోటిఫికేషన్ వచ్చాక ఈ పని మొదలుపెడితే చివరి తేదీ దాటిపోతుంది. చదువు అయిన వెంటనే చేయించాల్సిన పని ఇది.

1956 నాటి మాట

రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు మనలాంటి వాళ్ల గతి ఏమిటన్న ప్రశ్న ఢిల్లీలో వచ్చింది. 1956లో కేంద్రం భాషా అల్పసంఖ్యాకుల రక్షణల గురించి ఒక పత్రం తెచ్చింది. రాజ్యాంగంలో 350-ఎ, 350-బి అధికరణాలు చేరాయి. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవి 1957లో వచ్చింది. ఒప్పుకున్న రక్షణల్లో మనకు కావలసిన ముక్క ఒకటి ఉంది: రాష్ట్ర ఉద్యోగంలోకి తీసుకునే సమయంలోనే రాష్ట్ర భాష రావాలని పట్టుబట్టకూడదు, ప్రొబేషన్ ముగిసేలోగా ఆ భాషలో పరీక్ష పెట్టుకోవచ్చు.

తమిళనాడులో చాలాకాలం ఈ పద్ధతే నడిచింది. తమిళం చదవనివాళ్లు కూడా ఎంపిక కావచ్చు. చేరిన రెండేళ్లలో రెండో తరగతి భాషా పరీక్ష ప్యాసవ్వాలి. 2016 నాటి ప్రభుత్వోద్యోగుల చట్టంలోనూ ఆ మాట ఉంది. వార్డులో రోగులతో మాట్లాడే తమిళం మన పిల్లలకు పుట్టుకతోనే వచ్చు. రాయడం చేరాక నేర్చుకున్నారు. ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

రెండు వైపుల నుంచి రెండు మార్పులు

ఒక మార్పు బడిలో వచ్చింది. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. 2006లో ఒకటిలో చేరిన పిల్లలు 2016లో పదో తరగతి పరీక్ష రాశారు. అంతకుముందు మన తెలుగు బడుల్లో మొదటి భాషగా తెలుగే రాసేవారు. చట్టం మీద భాషా మైనారిటీలు కోర్టులకు వెళ్లి కొన్ని సంవత్సరాలకు మినహాయింపులు తెచ్చుకున్నారు. అది మన హక్కు కోసం చేసిన పోరాటం, అందులో సందేహం లేదు.

రెండో మార్పు ఉద్యోగ పరీక్షలో వచ్చింది. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం అన్ని నియామక సంస్థల పరీక్షల్లోనూ పదో తరగతి స్థాయి తమిళ పేపరు తప్పనిసరి చేసింది. కనీసం 40 శాతం రావాలి. రాకపోతే మిగతా పేపరులో ఎన్ని మార్కులు వచ్చినా లెక్కలోకి రావు. 2023లో దీన్ని చట్టంలోనే చేర్చారు.

ఈ రెండూ కలిపి చూడండి. బడిలో తమిళం నుంచి మినహాయింపు పొందిన పిల్లకు ఉద్యోగ పరీక్షలో మినహాయింపు లేదు. 2016కు చాలా ముందు తెలుగులో పది ప్యాసైన అమ్మాయి ఇవాళ ముప్ఫై దాటిన నర్సు. ప్రైవేటు ఆసుపత్రుల్లో పదేళ్ల అనుభవం ఉంటుంది, ఇంజెక్షన్ నుంచి ఐసీయూ దాకా తెలుసు, తమిళం గలగలా మాట్లాడుతుంది. పేపరు ముందు కూర్చుంటే వ్యాకరణం దగ్గర ఆగిపోతుంది. 1956లో ఒప్పుకున్న "చేరాక పరీక్ష" అన్న మాట "పరీక్షయ్యాకే చేరిక" అయింది. మన సంఘాలు విన్నపాలు పెట్టాల్సింది ఈ తేడా మీద.

సీనియారిటీ పోయి పరీక్ష వచ్చింది

ఎంపిక పద్ధతి కూడా మారింది. పాతకాలంలో సర్కారు నర్సింగు బడిలో సీటు వస్తే పోస్టు వచ్చినట్టే అనుకునేవారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు, సీనియారిటీ, పిలుపు కోసం ఎదురుచూపు. 2012లో తమిళనాడు వైద్య సేవల నియామక బోర్డు, మనం ఎమ్మార్బీ అంటున్నది, ఏర్పడింది. 2015లో వేల నర్సు పోస్టులకు రాత పరీక్ష జరిగింది. ప్రైవేటు కాలేజీల్లో చదివినవాళ్లకూ తలుపు తెరుచుకుంది.

కానీ లోపలికి వెళ్లినవాళ్లకు దొరికింది వెంటనే రెగ్యులర్ స్కేలు కాదు. నెలకు 7,700 రూపాయల కన్సాలిడేటెడ్ జీతం. ఖాళీలు వచ్చిన కొద్దీ రెగ్యులర్ చేస్తామన్నారు. ఏళ్లు గడిచినా ఖాళీలు రాక, 2017 నవంబరులో నర్సులు చెన్నైలోని డీఎంఎస్ ఆవరణలో బైఠాయించారు. కరోనా సమయంలో తాత్కాలికంగా తీసుకున్న నర్సులను 2022 డిసెంబరు చివరితో ఆపేశారు, మళ్లీ ఆందోళనలు. కాబట్టి నోటిఫికేషన్‌లో "నర్సు" అన్న ఒక్క మాట చూసి సంతోషపడకండి. రెగ్యులరా, కన్సాలిడేటెడ్ జీతమా, కాంట్రాక్టా అన్న గడి ముందు చదవండి. సంబంధాలు చూసేవాళ్లూ, అప్పు చేసి ఫీజు కట్టేవాళ్లూ ఇది తెలుసుకోవాలి.

కులపత్రం దగ్గర జారేవాళ్లు

తమిళనాడులో రిజర్వేషన్ 69 శాతం. తెలుగు మాట్లాడే అరుంధతీయ కుటుంబాలకు ముఖ్యమైన విషయం: ఎస్సీలకున్న 18 శాతంలో 3 శాతం 2009 చట్టంతో అరుంధతీయులకు ప్రత్యేకం. ఆ జాబితాలో మాదిగ, ఆది ఆంధ్ర, తోటి కూడా ఉన్నారు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. పత్రంలో ఎస్సీ అని మాత్రమే ఉందా, ఎస్సీ అరుంధతీయ అని ఉందా, ఒకసారి తీసి చూసుకోండి.

ఆంధ్ర నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్ల సంగతి వేరు. కులం పుట్టింటి నుంచే వస్తుంది. ఆ రాష్ట్రపు పత్రం ఇక్కడ రిజర్వేషన్‌కు చెల్లదు. 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది ఇదే. ఆయన కేసు బొంబాయి మెడికల్ సీటు గురించి, మన మహారాష్ట్ర తెలుగువాళ్లకూ అది వర్తిస్తుంది. అలాంటి అమ్మాయిలు జనరల్ కింద పోటీ పడేందుకు సిద్ధం కావాలి. దరఖాస్తులో తప్పు గడి నింపితే, గెలిచాక పత్రాల పరిశీలనలో పోస్టు పోతుంది.

పక్క రాష్ట్రాల మనవాళ్లకు

బళ్లారి, రాయచూరు వాళ్లకు 371-జె అధికరణం పెద్ద అండ. గ్రూప్ సి స్థానిక పోస్టుల్లో 80 శాతం ఆ ప్రాంతం వాళ్లకే. అక్కడ అడిగేది ఇంటి భాష కాదు, స్థానికత. అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయం ఇచ్చే పత్రం ముందే తీసుకుని ఉంచుకోండి. కన్నడ పేపరు ఎలాగూ ఉంటుంది.

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి పిల్లలు కనీసం మిడిల్ స్కూల్ స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా ప్యాసై ఉండాలి, లేదా ఆ స్థాయి ఒడియా పరీక్ష రాయాలి. తెలుగు బడిలో పిల్లని వేసేటప్పుడే ఇది గుర్తుంచుకోండి.

యానాం పిల్లల అదృష్టం వేరు. పుదుచ్చేరి 1965 చట్టం యానాంలో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో జిప్మర్ శాఖ అక్కడే తెరుచుకుంది.

కేంద్ర సంస్థల సంగతి అందరికీ ఉపయోగం. ఎయిమ్స్ 2020 నుంచి నర్సింగ్ ఆఫీసర్లకు దేశమంతటికీ ఒకే పరీక్ష, నార్సెట్, పెడుతోంది. అందులో రాష్ట్ర భాష పేపరు లేదు. ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం మహిళలకే. ఈ పరీక్ష గురించి తెలియక వదులుకోవద్దు.

మరి ఏం చేద్దాం

దీనికి మన చరిత్రలోనే ఒక దారి ఉంది. దుర్గాబాయమ్మ 1937లో మదరాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. చదువుకునే అర్హత లేదంటే ఆ అర్హతే ఇప్పించారు. మనకూ అదే పని కావాలి. సంఘం హాలు ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. పదో తరగతి తమిళ పుస్తకం చెప్పే రిటైర్డ్ మాస్టర్లు మన ఊళ్లలో ఉన్నారు. 40 శాతం అందుకోవడం మన పిల్లలకు అసాధ్యమేమీ కాదు. దానితోపాటే 1956 రక్షణల మీద ప్రభుత్వానికి మన విన్నపం ఆగకూడదు. పేపరు రాయడమూ, హక్కు అడగడమూ ఒకదానికొకటి అడ్డు కాదు.

ఇంట్లో తెలుగు, పేపరులో తమిళం, వార్డులో రోగికి ఏ భాషైతే అది. నర్సుకు ఎన్ని భాషలు వస్తే రోగికి అంత మేలు. మీ ఇంట్లోనో వీధిలోనో నర్సింగు చదివిన అమ్మాయి ఉంటే ఇది చదివి వినిపించండి. ముందు మూడు కాగితాలు తీయమనండి: కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కులపత్రం, పదో తరగతి మార్కుల జాబితా. ఆ మూడింటిలో ఏది లోటో తెలిస్తే, రేపటి నుంచి ఏం చేయాలో తెలుస్తుంది.