రోగిని లేవనెత్తిన మంచము

ఆసుపత్రిని పడకల సంఖ్యతో కొలుచుట మనకు తరతరములుగా వచ్చిన యలవాటు. ముప్పది పడకల ఆసుపత్రి యనియు, నూఱు పడకల ఆసుపత్రి యనియు శిలాఫలకములపై చెక్కింతుము, శాసనసభలలో ప్రశ్నింతుము, పత్రికలలో ప్రకటింతుము. ఆ పడక యెట్టిదో, దానిపై నున్న రోగి యెల్లవేళల వెల్లకిలగా పడియుండవలసినదేనో, లేక ఊపిరి సలుపని రాత్రి నడుము పైభాగమును కొంచెము లేవనెత్తించుకొని సేదదీఱగలడో, ఆ ప్రశ్న మాత్రము అరుదుగా వినవచ్చును. మందువలె, కత్తివలె, పడకయు నొక చికిత్సాసాధన మను తలంపు వైద్యలోకమున స్థిరపడి నూఱేండ్లకు మించి యెంతో కాలము కాలేదు. పాదములవైపు నున్న పిడిని త్రిప్పగా వీపుభాగము పైకి లేచునట్టి సామాన్యమైన యినుప మంచము, విద్యుత్తు నపేక్షింపని యా చేతిమర మంచము, ఆ తలంపునకు రూపము. నాగావళీ తీరమున రాయగడకు చేరువనున్న జేకేపూరు వంటి చిన్న పారిశ్రామిక గ్రామమునకు అది యే దారులు నడచి వచ్చెనో విచారించుట యీ వ్యాసము యొక్క యుద్దేశము.

మన పూర్వులకు ఈ విషయము బొత్తిగా తెలియదనుట తప్పు. చరకసంహిత సూత్రస్థానమందలి పదునైదవ యధ్యాయము, చికిత్సాగృహమును సిద్ధపఱచు విధమును చెప్పుచు, ఈదురుగాలి సోకక యొకవైపు మాత్రము గాలి యాడునట్టి దృఢమైన కట్టడమును, శుచియు దక్షతయు గల పరిచారకులను విధించిన పిమ్మట, శయ్యకు పఱపు, దుప్పటి, తలగడ మాత్రమే గాక ఆనుకొనుటకు తగిన యాధారము కూడ నుండవలెననియు, నీటిపాత్రయు ఉమ్మిపాత్రయు చేతికందు దూరమున నమర్పవలెననియు పేర్కొన్నది. సుశ్రుతుడు గాయపడినవాని శయ్య యిఱుకుగా నుండరాదనియు, చక్కగా పఱచియుండవలెననియు చెప్పెను. తలగడతో తృప్తిపడక ఆనుడును వేఱుగా విధించిన యా వైద్యుడు రోగుల చెంత నిదురలేని రాత్రులు గడపినవాడే యని నేను నమ్ముచున్నాను. గ్రంథము చదివి నేర్చుకొను విషయము కాదది.

తరువాతి కాలపు శాసనములకు కావలసినది దానధర్మముల లెక్క. వీరరాజేంద్ర చోళుని నాటి తిరుముక్కూడలు శాసనము పదునైదు పడకల ఆసుపత్రిని పేర్కొని, వైద్యునకు, శస్త్రవైద్యునకు, మూలికలు తెచ్చువారికి, పరిచారికలకు ఏర్పఱచిన జీతములను ఒక్కొక్కటిగా లెక్కించినది. రుద్రమదేవి యేలుబడిలో 1261 లో వెలసిన మల్కాపురము శాసనము విశ్వేశ్వర శివాచార్యుల ధర్మసంస్థలలో ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను చేర్చినది. పడకలను లెక్కించు నలవాటు మనకు వేయేండ్లనాటిదని దీనివలన తెలియుచున్నది. మంచము కోళ్లతోను పట్టెలతోను ఆ లెక్కలకు పనిలేదు.

ఇంటి మంచము సంగతి వేఱు. జయపుర సంస్థానమును, దాని నంటియున్న కొండసీమయు 1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు చెన్నపురి రాజధాని (మద్రాసు ప్రెసిడెన్సీ)లోని విశాఖపట్టణము జిల్లాకు చేరినవి. ఆ సీమలో తెలుగువారి యిండ్లలోనేమి, కోదు గిరిజనుల గూడెములలోనేమి, రోగికి దక్కిన శయ్య త్రాటి యల్లికతో కూడిన కఱ్ఱ మంచమే. దానికి గుణములు లేకపోలేదు. క్రిందినుండి గాలి తగులును. జ్వరపు చెమట నిలువదు. అల్లిక సడలినచో కాళ్లవైపు త్రాళ్లను బిగించిన మరల సరియగును. ఆయాసము గలవానిని కూర్చుండబెట్టవలసి వచ్చినప్పుడు తలవైపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టుటయో, పీటను బోర్లించి వీపునకు ఆనించి దానిపై దిండ్లు పేర్చుటయో యింటి యాడువారికి తెలిసిన వైద్యము. అంతేకాదు, ఈ సీమలో మంచము వాహనము కూడ నయినది. బండి పోజాలని కొండదారులలో మంచమునకు త్రాళ్లు కట్టి, గడకు వ్రేలాడదీసి, డోలీగా భుజములపై మోసికొని రోగిని దింపుట నిన్నమొన్నటి మాట కాదు, నేటికిని జరుగుచున్నదే. అయినను ఆ మంచము నడుమ పల్లమై రోగి దేహమును వంచును. నెలలు గడచినచో పిఱుదులపైని, మడమలపైని పుండ్లు పుట్టును. ఒంటరి యాడుది తన భర్తను దానిపై ఒత్తిగిలజేయుట యెంత కష్టమో చేసినవారికే యెఱుక.

ఐరోపాలో నయినను స్థితి చిరకాలము ఇంతకంటె మేలుగా లేదు. పారిస్ నగరమందలి ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో ఒక్క పడకపై నలుగురైదుగురు రోగులు కలిసి పరుండుచుండిరని టెనాన్ అను వైద్యుడు 1788 లో వ్రాసెను. ఒక రోగికి ఒక పడక యను నియమము అట్టి వ్రాతల ఫలితముగా బలపడినది. కఱ్ఱ మంచము నల్లులకు నిలయ మగుటచేత ఇనుప మంచము వచ్చినది. దానిని గట్టిగా కోరినవారిలో ఫ్లారెన్సు నైటింగేలు ముఖ్యురాలు. 1860 ప్రాంతమున వెలువడిన పరిచర్యా గ్రంథమున ఆమె మంచము మిక్కిలి వెడల్పుగా నుండరాదనియు, గోడ కానించి వేయక రెండు ప్రక్కలనుండియు పరిచారిక చేరగలుగునట్లు వేయవలెననియు, కిటికీనుండి వెలుపలి లోకము రోగికి కనబడవలెననియు బోధించెను. దిండ్లను గూర్చి ఆమె వ్రాసిన భాగము మఱింత విలువైనది: వాటిని ఇటుకల గోడవలె ఒకదానిపై నొకటి పేర్చక, ఊపిరితిత్తులకు దిగువనున్న వీపుభాగమునకు ఆధార మిచ్చినచో భుజములు వెనుకకు వ్రాలి ఱొమ్ము విప్పారుననియు, తలను మాత్రము ముందుకు త్రోయు దిండు ఊపిరిని బంధించుననియు ఆమె కనిపెట్టెను. ఇది చేతిమర మంచమునకు పూర్వరంగము. ఇక కావలసినది ఆ దిండ్ల పనిని ఇనుముచేత చేయించుటయే.

ఆ పని యమెరికాలో జరిగినది. బ్రూక్లిను శస్త్రవైద్యుడు జార్జి రయర్సన్ ఫౌలరు 1900 లో ఒక విచిత్రమైన చికిత్సను ప్రకటించెను. ఉండుకము పగిలి కడుపంతయు చీముపట్టిన రోగులు సూక్ష్మజీవినాశకౌషధములు లేని యా కాలమున తఱచుగా మరణించుచుండిరి. రోగి వెల్లకిలగా పరున్నచో ఆ చీము పైకి ప్రాకి ఉదరవితానము దాపున రక్తములో శీఘ్రముగా కలియుననియు, తలవైపు నెత్తి యుంచినచో అది పొత్తికడుపులోనికి దిగి యంతగా హాని చేయదనియు ఆయన తర్కించి, శస్త్రచికిత్స యనంతరము మంచము తలభాగమును ఎత్తించెను. అట్లు చేసిన తొమ్మండుగురు రోగులు వరుసగా కోలుకొనిరని ఆయన ప్రకటించుటతో, ఆ భంగిమకు ఫౌలరు పేరే స్థిరపడినది. నేడు రాయగడలోగాని, విశాఖలోగాని వైద్యపరికరముల దుకాణమునకు పోయి ఫౌలర్ కాట్ కావలెనని యడుగువారు తెలిసియో తెలియకయో ఆయననే స్మరించుచున్నారు.

అయితే తలవైపు కోళ్లను ఎత్తిన మంచముపై రోగి నిలువడు. ఏటవాలు తలముపై మెల్లమెల్లగా పాదములవైపునకు జాఱిపోవును. పరిచారికలు గంటగంటకు చంకలు పట్టి పైకి లాగవలసి వచ్చెడిది. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శిక్షణ పొందుచున్న విల్లిస్ గ్యాచ్ అను యువ శస్త్రవైద్యుడు 1909 లో దీనికి విఱుగుడు చూపెను. మంచమంతటిని ఎత్తుట యేల? తలమునే ఖండములుగా కోసి, వీపుభాగము వేఱుగను, తొడలభాగము వేఱుగను లేచునట్లు చేసినచో, మోకాళ్ల క్రింద లేచిన మిట్ట రోగిని జాఱనీయదు. ఇంతకంటె సరళమైన యూహ, ఇంతకంటె ఎక్కువమందికి ఉపకరించిన యూహ, ఆ దశాబ్దపు శస్త్రవైద్యమున నాకు కానరాదు. తరువాత వచ్చిన సర్దుబాటు మంచములన్నియు, మీటలు నొక్కిన కదలు విద్యుత్ మంచములతో సహా, గ్యాచ్ కోసిన యా మడతల మీదనే నిలిచియున్నవి.

దీని యంత్రరహస్యము కూడ నిరాడంబరమైనది. పాదములవైపు మడచి లోనికి త్రోయుటకు వీలైన పిడి యొకటి; దానికి తగిలించిన పొడవైన మరకడ్డీ; దానిపై నడచు నట్టు; నట్టు కదలినకొలది వీపుచట్రమును పైకి నెట్టు చేయి. ఒక పిడితో వీపు మాత్రము లేచునది సెమీ ఫౌలరు, రెండు పిడులతో వీపును మోకాళ్లును లేచునది ఫౌలరు. మరచుట్టు సన్ననిది గనుక కొద్దిపాటి బలముతో నిండు మనిషిని ఎత్తవచ్చును; ఆ చుట్లయందలి రాపిడియే తాళముగా పనిచేయును గనుక చేయి విడిచినను చట్రము క్రిందపడదు. పదునాఱేండ్ల బాలిక తన తండ్రిని కూర్చుండబెట్టగలుగుట యీ రాపిడి చలువయే.

మన సీమకు వత్తము. 1845 లో చిన్న వైద్యశాలగా మొదలై 1923 లో కింగ్ జార్జి పేరు దాల్చిన విశాఖపట్టణపు పెద్దాసుపత్రి కొండసీమ కంతటికి తుదియాశ్రయము. 1931 లో రాయపూరు, విజయనగరముల నడుమ ఇనుపదారి పూర్తియైన పిదప రాయగడనుండి పార్వతీపురము, బొబ్బిలి మీదుగా రోగులు రైలులో అచటికి దిగుచుండిరి. స్వాతంత్ర్యమునకు ముందు 1946 లో ఆరోగ్యసమీక్షకై యేర్పడిన భోర్ సంఘము వెల్లడించిన లెక్క ప్రకారము బ్రిటిషిండియాలో వేయిమందికి 0.24 పడకలు మాత్రమే యుండగా, ఇంగ్లండు, వేల్సులలో 7.14, అమెరికాలో 10.48 ఉండెను. పడకయే కఱవైనచోట దాని గుణమును గూర్చి విచారించు తీఱిక యెవరికి కలుగును? సంఖ్యకై మన పెద్దలు పడిన యారాటము న్యాయమైనదే. 1954 లో డేనిష్ వైద్యురాలు లిస్ మాడ్సెన్ ఈ కొండసీమలోని బిస్సంకటకమున ఆసుపత్రిని నెలకొల్పినపుడు, కొండలు దిగి వచ్చిన రోగికి ఆమె చూపగలిగిన మొదటి యుపకారము ఒక చోటు, ఒక చేయి.

1962 లో జేకేపూరున కాగితపు మిల్లు పని ప్రారంభించుటతో ఈ చరిత్రలో క్రొత్త యంకము మొదలైనది. వెదురు గుజ్జును కాగితముగా మార్చు నా పనికి ఒడియా వారితోపాటు తెలుగువారును వచ్చి కుదురుకొనిరి. ఐదువందలకు మించిన కార్మికులుగల కర్మాగారమున పరికరములతో కూడిన చికిత్సాగది యుండితీరవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టము శాసించినది. అదే యేట వచ్చిన ఉద్యోగుల రాజ్యబీమా చట్టము కార్మికునకు వైద్యమును హక్కుగా చేసి, దానిని కుటుంబమునకు కూడ విస్తరించు వీలు కల్పించినది. ఆ చట్టము ననుసరించి జేకేపూరున బీమా ఆసుపత్రి వెలసినది. కాగితపు పరిశ్రమలో చిరకాలము గుజ్జు తెలుపునకు వాడిన క్లోరిన్ వాయువు సోకినవాడు వెల్లకిలగా పడుకొనజాలడు; రోలరులో చేయి నలిగినవాడు ఆ చేతిని ఎత్తి యుంచుకొనవలెను; వెన్నెముక దెబ్బతిన్నవాడు నెలల తరబడి శయ్యను విడువడు. చదునైన యినుప మంచము వీరి కక్కఱకు రాదు. కర్మాగారమున్నచోట చేతిమర మంచము సౌఖ్యము కాదు, అత్యవసరము.

మంచపు మార్పులు గ్యాచ్‌తో నిలిచిపోలేదు. 1967 లో లండనునందలి కింగ్స్ ఫండ్ సంస్థ, బ్రూస్ ఆర్చరు మొదలగువారి పరిశోధన ననుసరించి, ఎత్తును కూడ తగ్గించుటకు పెంచుటకు వీలైన ప్రమాణ శయ్యను నిర్ణయించినది. పరిచారికల నడుములు విఱుగకుండ కాపాడుట దాని లక్ష్యములలో నొకటి. విద్యుత్ మంచముల సంగతి నేను విస్తరింపను. అవి మేలైనవే, రోగి తానై మీట నొక్కుకొనగలుగుట గొప్ప స్వాతంత్ర్యమే. కాని కరెంటు పోయిన రాత్రియు, మరమ్మతు చేయువాడు వంద మైళ్ల దూరమున నుండు ఊరును కలిసినపుడు, పల్లెకు నమ్మదగినది చేతి పిడియే యని నా నిశ్చితాభిప్రాయము.

ఈ మంచము నేడు ఆసుపత్రిని దాటి యిండ్లకు వచ్చినది. పక్షవాతపు రోగికై నెల యద్దెకు తెచ్చుకొనుచున్నారు. తెచ్చుకొనువారికి నా విన్నపమొకటి. రెండు పిడుల మంచమైనచో ముందు మోకాళ్లభాగమును కొంచెము లేపి, తరువాతనే వీపును లేపుడు. లేనిచో రోగి జాఱి, ఆ రాపిడికి చర్మము చెడును. ముక్కు గొట్టముద్వారా ఆహార మిచ్చునపుడు, ఇచ్చిన పిదప అరగంటయైనను, తల యెత్తుననే యుంచుడు. మంచము మడచియున్నది గదా యని, రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పుట మానకుడు. ఆసుపత్రుల యధికారులారా, క్రొత్త పడకల సంఖ్యను ప్రకటించుటకు ముందు ఉన్న మంచముల మరకడ్డీలకు నూనె వేయింపుడు, ఊడిపోయిన పిడులను తిరిగి పెట్టింపుడు.