కుండీలో పెరడు

సింగపూరులో ఇంట కూరాకు పెంచడం సరదాకు మొదలైంది కాదు. 1942-45 నాటి జపాను పాలనలో బియ్యం కరవై, జనం పెరళ్ళలో కర్రపెండలం, చిలగడదుంప వేసుకొని పొట్ట నింపుకొన్నారు. 1960లో హెచ్.డి.బి. ఏర్పడి, కుటుంబాలు అంతస్తుల ఇళ్ళకు మారాక పెరళ్ళు పోయి కుండీలు మిగిలాయి. తిండిలో తొంభై శాతానికి పైగా దిగుమతయ్యే దేశం కనుక, 2020లో కరోనా కాలాన ప్రభుత్వమే కోరినవారికి విత్తనాలు పంచింది.

మనకు పుదీనా, తులసి, కరివేపాకు చక్కగా వస్తాయి. చల్లదనం కోరే స్ట్రాబెర్రీయే ఇక్కడి ఉక్కకు సరిగా కాయదు.

వైద్యులుగా మేము చెప్పేదొకటి. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీరు డెంగీ దోమకు పురిటిల్లు. దోమల నిర్మూలనకు 1968లోనే ఇక్కడ చట్టం చేశారు. నీళ్ళు ఒంపితే చాలదు. అంచుకంటిన గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పళ్ళెం రుద్ది కడుగుదాం.