లారీ ముందు టైర్ల అసమాన అరుగుదల

లారీ ముందు టైరు ఒక అంచునో, నడిమధ్యనో, అక్కడక్కడా గుంటలుగానో మిగతా భాగం కన్నా ముందే అరిగిపోవడాన్ని అసమాన అరుగుదల అంటారు. డ్రైవర్లయితే ‘బండి టైరు తింటోంది’ అంటారు. మన రోడ్ల మీద తిరిగే లారీల్లో చాలావాటికి ముందువైపు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఉక్కు ఇరుసు, దాని మీద కమాను కట్టలు, చక్రాలు పక్కకు తిరగడానికి రెండు చివర్లా కింగ్ పిన్నులు ఉంటాయి. వీటిలో ఏది వదులైనా ఆ సంగతి టైరు మీద కనబడుతుంది.

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్య అరిగితే గాలి ఎక్కువ. ఈ రెండూ తేలిగ్గా తేలిపోతాయి. ఒక్క అంచే అరిగినప్పుడే చిక్కు. అప్పుడు టైరు మీద అడ్డంగా అరచెయ్యి రాయాలి. ఒకవైపు రాస్తే నున్నగా, ఎదురు రాస్తే రంపపు పళ్లలా తగిలితే తప్పు టో కొలతది, అంటే రెండు ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడాది. పళ్ల మొనలు బండి లోపలివైపు ఉంటే టో-ఇన్ (ముందు అంచులు దగ్గరగా ఉండటం) ఎక్కువైందని, బయటివైపు ఉంటే టో-అవుట్ (దూరంగా ఉండటం) అని గుర్తు. టో 3 మిల్లీమీటర్లు తప్పినా, మీటరు వ్యాసమున్న టైరు ఒక్కొక్కటీ కిలోమీటరుకు మీటరున్నర మేర పక్కకు ఈడ్చుకుపోయినట్టే లెక్క. పళ్లు తగలకుండా ఒక అంచు నున్నగా అరిగితే కాంబరును, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణాన్ని, అనుమానించాలి. కింగ్ పిన్ను బుష్షులు అరిగినా కాంబరు మారుతుంది. గుంటలు పడితే హబ్బు బేరింగు, షాక్ అబ్జార్బరు, చక్రం బ్యాలెన్సింగు చూడాలి.

వదులు ఎక్కడుందో తేల్చడానికి వెనక చక్రాలకు ఆపులు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, టైరు కింద గునపం పెట్టి ఎత్తాలి. చక్రం పైనా కిందా ఊగితే ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఊపు ఆగిపోతే వదులు బేరింగులో ఉంది, ఆగకపోతే కింగ్ పిన్నులో ఉంది. చక్రాన్ని కుడి ఎడమలకు ఊపినప్పుడు కదిలితే రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ చివరి కీళ్లు (టై రాడ్ ఎండ్లు) చూడాలి. గ్రీజు సరిగా అందని కింగ్ పిన్ను త్వరగా అరుగుతుంది. చాలా బళ్లలో అసలు జబ్బు ఇదే.

కట్టల్లో సెంటర్ బోల్టు విరిగినా, యూ-బోల్టులు వదులైనా ఇరుసు ఒకవైపు జరిగి బండి పక్కకు లాగుతుంది. వెనక ఇరుసు వంకరగా కూర్చున్నా, డ్రైవరు స్టీరింగు కాస్త తిప్పి పట్టుకునే నడపాలి. ఆ భారం ముందు టైర్ల మీదే పడుతుంది. టైర్లు అటూ ఇటూ మార్చేస్తే గుర్తులు చెరిగిపోతాయి గానీ తప్పు అలాగే ఉంటుంది.

అలైన్‌మెంటు (చక్రాల కొలతలు సరిచేయడం) అన్నిటికన్నా చివర చేయించాల్సిన పని. కింగ్ పిన్నులో వదులు ఉంచుకుని ఈ పనికి పెట్టిన డబ్బు దండగ. షెడ్డులో సరిపోయిన కొలత రోడ్డెక్కాక నిలవదు.